గళ్ల చొక్కా కుడి చెయ్యి

నా చిన్నప్పుడు భిలాయి ఎండ ఎలా ఉండేదో చెప్పే ముందు ఒక సంగతి ఒప్పేసుకుంటాను. నేను దేన్నయినా ఉన్నదానికి మూడింతలు చేసి చెబుతాను. చీమ కుడితే ఏనుగు తొక్కిందనడం నా జబ్బు. దానికి మందు దొరకలేదు, నేను వెతకనూ లేదు. కాబట్టి మే నెలలో మా క్యాంప్ 2 వీధిలో కాకులు నడిచి వెళ్లేవనీ, ఎగిరితే రెక్కలు అంటుకుంటాయని వాటి భయమనీ నేనంటే, మీరు మూడో వంతు నమ్మితే చాలు.

ఆ ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, చేరిన చోట అప్పుడే ఇస్త్రీ పెట్టెలోంచి తీసినట్టు కనిపించే మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన మా చిన్నాన్న. నాన్నకు ప్లాంటులో ఉద్యోగం ఉండేది. విజయనగరం అవతల పల్లె నుంచి అన్నగారి దగ్గరికి వచ్చిన చిన్నాన్నకు మాత్రం జాముల్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, కింద బస్తాలు మోసే పని దొరికింది. ఇంటర్ చదివినవాడు. మా రెండు గదుల ఇంటి వరండాలో ఒక నులక మంచం, గోడకు ఒక మేకు, ఆ మేకుకు ఒక గుడ్డసంచీ, ఇదీ ఆయన సామ్రాజ్యం.

సామ్రాజ్యం చిన్నదే గానీ రాజ్యాంగం పెద్దది. ఆయనకు రెండు రకాల చొక్కాలుండేవి. ఒకటి ఎండ చొక్కా, రెండోది మనిషి చొక్కా. ఎండ చొక్కా సైకిలు మీద వేసుకునేది. పాతది, పల్చటి నూలుది, ఇద్దరు దూరేంత వదులుది. చేతులు మణికట్టు దాకా ఉండి తీరాలి, బొత్తాలు పెట్టి తీరాలి. ఎండ పడితే గుడ్డ మీద పడాలి గానీ ఒంటి మీద పడకూడదని ఆయన సిద్ధాంతం. మనిషి చొక్కా సంచీలో ప్రయాణం చేసేది. తెల్ల నూలు మీద సన్న గళ్లది. ఆకాశ నీలం, బూడిద రంగు చెమటను చాటింపు వేసి చెబుతాయట. గళ్లయితే కడుపులో దాచుకుంటాయట. దాన్ని మడతపెట్టేవాడు కాదు, న్యూస్‌పేపరు గొట్టానికి చుట్టి దారం కట్టేవాడు. ఫ్యాక్టరీకి కాస్త ఇవతల రైలు గేటు దగ్గర ఒక కుళాయి ఉండేది. అక్కడ దిగి, మొహం, మెడ కడుక్కుని, చెమట దానంతటది ఆగేదాకా కూర్చుని, అప్పుడు చొక్కా మార్చేవాడు. కుడి పంట్లాం కాలుకు మా అమ్మ బట్టలారేసే క్లిప్పు ఒకటి, చైను నల్లదనం అంటకుండా.

జేబులో ఉల్లిపాయ. వడగాడ్పు తగలకుండా ఇక్కడి వాళ్లు జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటారు. వీధి పిల్లలు ఆయన్ని ‘ప్యాజ్ చాచా’, ఉల్లిపాయ చిన్నాన్న, అనేవాళ్లు. జాముల్ చేరేసరికి ఆ ఉల్లిపాయ సగం వేగి ఉండేదని, ఉప్పు చల్లుకోవడమే తరువాయని నేను వాళ్లకు చెప్పేవాణ్ణి. సొంత చిన్నాన్న అని కూడా చూడకుండా.

బస్తాలు మోసేవాడికి ఇంత సింగారమేమిటని నాన్న ఒకసారి అడిగితే, "బస్తా కాడ ఎలాగుంటే ఏటన్నా, గేటు కాడ మనిసిలాగుండాల గదా" అన్నాడు.

నాకు పదేళ్లప్పుడు, అదే ఫ్యాక్టరీ స్టోరులో గుమాస్తా ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పర్మనెంటు. చిన్నాన్నను ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఆ ఉద్యోగం వస్తే బస్తా ఉండదు, ఫ్యాను కింద కుర్చీ ఉంటుంది. ఇంట్లో వారం రోజులు దాని గురించి తప్ప మాట లేదు. ఫ్యాను రెక్కలు ఎన్ని ఉంటాయో కూడా చర్చించుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నమే ఆయన గళ్ల చొక్కా ఇస్త్రీ చేసి, చుట్టి, సంచీలో పెట్టి, మేకుకు తగిలించి, పక్క వీధిలో ఎవరికో దణ్ణం పెట్టి రావడానికి వెళ్లాడు. ఆ సాయంత్రం నేను ఆ చుట్ట విప్పాను. అందులోంచి గళ్ల చొక్కా తీసేసి, స్నేహితుడి పెళ్లి ఊరేగింపు, ఇక్కడి మాటలో బారాత్, కోసం ఆయన కుట్టించుకున్న ఆకాశ నీలం పాలిస్టరు చొక్కా చుట్టి, మళ్లీ దారం కట్టాను. మా చిన్నాన్న దొరబాబులా, మెరుస్తూ, ఆఫీసరు కళ్లు చెదిరేలా కనిపించాలని నా కోరిక. పిల్లవాడి ప్రేమ. అది అలాంటి తెలివితక్కువ పనులే చేయిస్తుంది.

సోమవారం రైలు గేటు దగ్గర ఆయన చుట్ట విప్పి ఎంతసేపు చూస్తూ నిలబడ్డాడో నాకు తెలియదు. వెనక్కి రావడానికి వేళ లేదు. ఒంటి మీదున్న ఎండ చొక్కా తడిసి ముద్దయింది. పాలిస్టరే వేసుకున్నాడు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లను రేకుల కప్పు కింద కూర్చోబెట్టారట. పాలిస్టరుకు గాలి శత్రువు. ఈయన పేరు పిలిచేసరికి చంకల కింద రెండు సముద్రాలు, వీపు మీద రాష్ట్రాలన్నిటితో సహా భారతదేశం పటం. ఆఫీసరు మంచివాడే. కంగారు పడ్డాడు. "తబియత్ ఠీక్ నహీ హై క్యా, భాయ్?" అని, ఒంట్లో బాగాలేదా అని అడిగి, ఎండదెబ్బే అనుకుని, ఫ్యాను కింద తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, మనిషిని తోడిచ్చి డిస్పెన్సరీకి పంపాడు. ఈయన నాకేం కాలేదండీ అంటున్న కొద్దీ, వడదెబ్బ తగిలినవాళ్లు అలాగే అంటారన్నారట. తిరిగొచ్చేసరికి ఇంటర్వ్యూలు అయిపోయాయి.

ఇదంతా ఆయన రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పాడు. పది నిమిషాలైనా ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాను కదా అన్నాడు. నాన్న నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"అవునుగానీ, బారాత్ సొక్కా ఏల ఏసుకెల్లినావయ్యా? గళ్ల సొక్కా సుట్టీసి ఎట్టుకున్నావు గదా?"

చిన్నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. నేను పప్పులో మిరపకాయను చాలా శ్రద్ధగా ఏరుతున్నాను.

"నానే మార్సినాను వదినా. కొత్తది గదా అని."

అంతే. ఆ వారంలోనే గళ్ల చొక్కాకు హోదా తగ్గి ఎండ చొక్కా అయింది. విచిత్రమేమిటంటే, ఎండ ఒంటిని తాకకూడదని ఊరందరికీ చెప్పే మనిషి ఆ చొక్కా వేసుకున్నప్పుడు కుడి చెయ్యి మాత్రం మోచేతి పైదాకా మడిచేవాడు. వాన కాలం వచ్చేసరికి ఆ ముంజేయి ఎడమదాని కంటే ఎంత నల్లబడిందంటే, ఎవరో వేరే మనిషి చెయ్యి ఎరువు తెచ్చుకున్నట్టుండేది. మరో ఆరేళ్లు బస్తాలు మోశాడు. తర్వాత ఇంకెక్కడో గుమాస్తా అయ్యాడు, కుర్చీ దొరికింది. ఇప్పటికీ క్యాంప్ 2లోనే ఉన్నాడు. నడుం మాత్రం బస్తా మోస్తున్నట్టే వంగి ఉంటుంది.

నేను మొదటిసారి సైకిలు మీద చదువుకు బయల్దేరిన ఏడు, ఆయనే నన్ను కూర్చోబెట్టి రాజ్యాంగం అంతా అప్పగించాడు. ఏ రంగు, ఏ గుడ్డ, ఎక్కడ దిగాలి, ఎంతసేపు ఆగాలి. నా చేత చొక్కా చుట్టించి, దారం కట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సుట్టీసినాక కాదురా. సుట్టేముందు ఓపాలి ఇప్పి, సేతులు కూడా సూసుకోవాల. మరక ఏటైనా ఉంటే ఇంటికాడే తెలియాల."

ఇప్పుడు నాకు యాభై దాటాయి. పొట్ట తగ్గాలని డాక్టరు అన్నాక రోజూ సెక్టర్ 4 దాకా సైకిలు మీదే ఆఫీసుకు వెళుతున్నాను. మే నెలలో కూడా నా చొక్కా నలగదు. రహస్యమేమిటని అడిగినవాళ్లకు పాలిస్టరు వద్దనీ, ఆకాశ నీలం అసలే వద్దనీ చెబుతాను. ఉల్లిపాయ గురించి కూడా చెబుతాను. వాళ్లు నవ్వుతారు.

ఇక నేను కల్పించినది ఏదో చెప్పాలి. కాకుల నడక, వేగిన ఉల్లిపాయ, వీపు మీద భారతదేశం, ఇవి కాదు. ఇవి పెంచినవి, అంతే. కల్పించినది ఒక్కటే. పిల్లవాడి ప్రేమ అన్నాను చూశారూ, అది.

ఆ ఆదివారం వీధిలో క్రికెట్. అంపైరుకు తెల్లగా ఏదో ఒకటి ఉండాలన్నారు. నేను సంచీలోంచి ఆ గళ్ల చొక్కా తీసి తొడుక్కున్నాను. ఆట మధ్యలో ఎవరిదో సైకిలు చైను ఊడితే ఎక్కించబోయాను. చొక్కా కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చైను నల్లదనం. సబ్బుతో రుద్దితే ఇంకా పాకింది. చొక్కాను ట్రంకు పెట్టె వెనక కుక్కి, చుట్ట ఖాళీగా కనిపించకూడదని చేతికందిన నీలం చొక్కా పెట్టాను. చిన్నాన్న ఎలా కనిపిస్తాడన్న ఆలోచన ఆ పూట నాకు ఒక్క క్షణం కూడా రాలేదు.

ట్రంకు పెట్టె వెనక దాన్ని వెతికి తీసింది ఆయనే. కిరసనాయిలు పెట్టి ఉతికింది కూడా ఆయనే అయి ఉండాలి. మరక పోలేదు. అమ్మ కంట పడకుండా మడిచాడు. అన్నేళ్ల వేసవుల్లో ఆ చెయ్యి ఎండకు ఎందుకు ఇచ్చాడో ఇంట్లో నాకొక్కడికే తెలుసు. నేను ఇంతవరకు ఆయనకు చెప్పలేదు. ఆయనా అడగలేదు.

రోజూ ఉదయం చొక్కా చుట్టే ముందు ఒకసారి విప్పి, కుడి చెయ్యి వెలుతురులో పెట్టి చూస్తాను. మరక ఎప్పుడూ ఉండదు. అయినా చూస్తాను.