మేనకోడలికి నేను తెచ్చిన పేరు

నామకరణం నాడు, నిండు పందిట్లో, తల ఎత్తలేక బియ్యం పళ్లెంలోకే చూస్తూ కూర్చున్న మేనమామను మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చదవండి, వాణ్ణి నేనే.

మా చెల్లెలు సుజాతను ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెకు ఇచ్చాం. ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. వాళ్లత్త వచ్చిన చుట్టాలందరి ముందూ, "సౌడు నేలలో విత్తనమేసి ఏం లాభం?" అనేది. సుజాత ఆ మాట ఫోన్లో చెప్పి ఏడ్చేది. చివరికి ఆడపిల్ల పుట్టింది.

"అన్నా, ఎవురికీ లేని పేరు తీసకరా. మా అత్త నోరు మూతపడల్ల," అంది.

కర్నూల్లో లెక్కలు చెప్పుకునే నాకు సంస్కృతం ఎంత వచ్చో అడక్కండి. నిఘంటువు తెరిస్తే 'ఇర' అంటే నీళ్లు అని కనబడింది. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? గంభీరంగా ఉంటుందని తోక తగిలించి 'ఇరిణ' చేశాను. నీళ్లు గల తల్లి అని అర్థం కూడా నేనే ఇచ్చుకున్నాను. ఫ్లెక్సీ కొట్టించాను, బిడ్డ ఫొటో కంటే నాది కాస్త పెద్దదిగా.

అయ్యవారు ఉంగరంతో బియ్యంలో పేరు రాసి, ఆగిపోయాడు.

"ఈ పేరు యాడ పట్టుకొచ్చినావప్పా?"

"నేనే కనిపెట్టినా స్వామీ! ఇర అంటే నీళ్లు గదా!"

"ఇర అంటే నీళ్లే. ఇరిణమంటే మాత్రం సౌడు నేల. గడ్డి గూడా మొలవదు."

సుజాత తల వంచుకుంది. ఆమె కన్నీళ్లు ఒళ్లోని బిడ్డ మీద పడుతున్నాయి. అత్త నోరు మూయించమంటే, ఆ అత్త తిట్టునే బిడ్డకు పేరుగా మోసుకొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు అత్త లేచింది. ఇంకేమంటుందోనని నేను బియ్యం పళ్లెంలోకే చూస్తూ కూర్చున్నాను. ఆమె పళ్లెం ముందు కూర్చుంది.

"నాకు సదువు రాదు స్వామీ. దీంట్లో యాడ దాకా నీళ్లుండాయి? యాడి నుంచి సౌడు?"

అయ్యవారు వేలితో చూపించాడు. ఆమె ర మీది గుడినీ, పక్కనున్న ణనూ తుడిచేసింది.

"ఆ సౌడు మాట నా నోట్లో నుంచి వచ్చిండేది. తప్పు నాది. నా మనవరాలికి నీళ్లు సాలు," అని కోడలి కళ్లు తన కొంగుతో ఒత్తింది. సుజాత ఆమె భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడు సుజాతకు మళ్లీ నెల తప్పింది. మొన్న ఫోన్ చేసింది.

"అన్నా, ఈసారి పేరు మా అత్త పెడ్తాదంట. నువ్వు వచ్చి బువ్వ తినిపో, శానా సంతోషం."

వెంటనే మంత్రాలయం వెళ్లి, తుంగభద్రలో నిలబడి, ఈ జన్మలో ఎవరికీ పేరు పెట్టనని ఒట్టేశాను. ఎండాకాలం కదా, నీళ్లు మడమల దాకా కూడా లేవు. ఆ నీళ్లకు ఆపాటి ఒట్టే చాలనుకున్నాను. ఫ్లెక్సీ మాత్రం కొట్టిస్తాను.