అమ్మవారి పటం ముందు నడిచేదెవరు

ఆ రోజుల్లో డిగ్రీ వచ్చేది మనిషికి కాదు, వీధికి. నేను బెజవాడలో చదివి బి.ఏ. ప్యాసైన కబురు ఉయ్యూరు దాటి, చల్లపల్లి దారిలో కాలువ గట్టునున్న మా ఊరు చేరేసరికి మా నేతగాళ్ల వీధి వీధంతా ప్యాసైపోయింది. కోర్టు నోటీసు చదవాలన్నా, రైలు వేళ తెలియాలన్నా, ఆఖరికి గేదె మేత మానేసినా "బియ్యే బాబును అడగండి" అనేవారు. నేను కూడా గొంతు సవరించుకొని, గేదె విషయంలో సైతం గ్రాంథికంగానే జవాబు చెప్పేవాణ్ణి.

మా ఊరి విజయదశమి ఊరేగింపుకు చుట్టుపక్కల పల్లెలన్నీ బళ్లు కట్టుకొని వచ్చేవి. పులివేషాలు, డప్పులు, కర్రసాము, వాటి నడుమ కొత్త నేతగుడ్డ మీద రంగులతో రాసిన అమ్మవారి పటం. ఆ గుడ్డ మా నాన్న మగ్గం మీది నుంచి దిగేది. పటానికి ముందు నడిచే హక్కు కూడా ఆయనదే. ఎందుకని నాయనమ్మను అడిగితే, "నేను కాపరానికొచ్చిన ఏడు కలరా వచ్చిందిరా. ఒక్క కొంప తలుపు తీస్తే ఒట్టు. మీ తాతే మగ్గం మీది గుడ్డ కోసి, దాని మీద అమ్మను రాయించి వీధులన్నీ తిప్పాడు" అని చెప్పింది. మరి ఊరి పెద్దలు జవళి కొట్టువారో అంటే, "వాళ్లూ చూశారు, కిటికీలోంచి" అంది. ఈ హక్కుకొక మర్యాద ఉండేది. బయలుదేరే ముందు నాన్న, ఊళ్లోకెల్లా ధనవంతులైన జవళి కొట్టు పెదబాబుగారి ఎదుట నిలబడి "తమరు ముందు దయచేయండి" అనాలి. ఆయన "మీరుండగా మేమెలా నడుస్తామండీ, పదండి" అనాలి. అప్పుడు నాన్న ముందు నడవాలి. (తక్కిన ఏడాదంతా పెదబాబుగారి పిలుపు "ఏమయ్యా, చీరలెప్పుడు తెస్తావు?" అనే. నాన్నకు ఏటికి ఒకే ఒక్క "అండీ" దక్కేది. దానికోసం ఆయన పంచెకు ముందు రోజే గంజి పెట్టించుకొనేవాడు.)

అది యుద్ధకాలం. జనం గుమిగూడితే సర్కారుకు అనుమానం. పాత మామూలు ఉన్న ఊరేగింపులకే అనుమతి ఇస్తారని, ఎవరు ముందో ఎవరు వెనకో పెద్దలు చెప్పాలని, చెప్పిన వరస ఇకమీదట తప్పకూడదని కబురు వచ్చింది. దసరా ముందు రోజు ఇన్స్పెక్టరుగారు విచారణకు వస్తారనగానే ఊరేగింపు చరిత్ర చెప్పే బాధ్యత సహజంగానే నా మీద పడింది. పెదబాబుగారి కొడుకు ఈ ఏడు తానే ముందు నడవాలని ముచ్చటపడుతున్నాడని వీధిలో గుసగుసలు. నాన్నతో ఆ మాటంటే, "పెదబాబుగారు అలాంటి మనిషి కాదులేరా" అన్నాడు. నేను మాత్రం నాన్న స్థానమంతా నా ఉపన్యాసం మీదనే ఆధారపడి ఉందని నిశ్చయించుకొని, 'అనాదిగా' ఎక్కడ వేయాలి, 'పరంపరాగతముగా' ఎక్కడ వేయాలి అని రోజుల తరబడి తర్జనభర్జన పడ్డాను. చదివి వినిపిస్తే అమ్మ, "బావుందిరా. ఇందులో మీ నాన్న ఎక్కడున్నాడు?" అంది. చివరి పేజీలో వస్తాడని చెప్పాను.

పెదబాబుగారి వరండాలో విచారణ. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న ఉన్ని కోటులో చెమటలు కక్కుతూ లేచి, "అయ్యా, అనాది కాలమునుండియు ఆంధ్రదేశమునందు ఉత్సవములు..." అని మొదలుపెట్టాను.

"ఎవరితను?" అన్నారు ఇన్స్పెక్టరుగారు.

"చదువుకున్న కుర్రాడండి" అన్నారు పెదబాబుగారు.

"తెలుస్తూనే ఉంది. కూర్చోవయ్యా, నేనింకా రెండు ఊళ్లు తిరగాలి. ఊరేగింపు పాతదేనా?"

"పాతదేనండి" అన్నారందరూ.

"పటం ముందు నడిచేదెవరు?"

కళ్లన్నీ నాన్న వైపు తిరిగాయి. నలుగురిలో నిలబడి 'నేనే' అనడం మా ఇళ్లలో ఎవరికీ రాని విద్య. నాన్న లేచి, పైపంచె నడుముకు చుట్టుకొని, ఏటా అన్నట్టే, "నాదేముందండి, పెదబాబుగారు ముందు దయచేస్తే మాకంతకన్నా ఏం కావాలండి" అన్నాడు. అని, రావలసిన జవాబు కోసం చిరునవ్వుతో నిలబడ్డాడు. వరండా అంతా ఎదురుచూసింది. పెదబాబుగారు తమలపాకు అందుకున్నారు. ఈనె తీశారు. సున్నం రాశారు. వక్క వేసి, మడిచి, నోట్లో పెట్టుకున్నారు. (నోటి నిండా తాంబూలంతో మాట్లాడటం మర్యాద కాదు గదా.)

"మంచిది. వాళ్లే ఒప్పుకున్నారు. పెదబాబుగారి ఇంటివాళ్లు ముందు, నేతవాళ్లు వెనక. ఇక ఇదే మామూలు" అని ఇన్స్పెక్టరుగారు లేచారు.

నేనూ లేచాను. "అయ్యా, అది మా తండ్రిగారు మర్యాదకై అన్న మాట. దాని తాత్పర్యమేమనగా..."

"మీ నాన్న చెప్పింది నాకు శుభ్రంగా అర్థమైందయ్యా. నువ్వు చెప్పేదే అర్థం కావడం లేదు."

వరండా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, అంతమంది నవ్వుతుంటే తానొక్కడూ నవ్వకపోతే బాగుండదని కాబోలు.

మర్నాడు పెదబాబుగారి కొడుకు జరీ ఉత్తరీయంతో పటం ముందు నడిచాడు. నాన్న పులివేషాల వెనక, తోకలు తగలకుండా తప్పుకుంటూ నడిచాడు. పెదబాబుగారు ఒకసారి వెనక్కు తిరిగి, "ఏమనుకోకయ్యా, సర్కారు ఆజ్ఞ" అన్నారు. "చిత్తమండి" అన్నాడు నాన్న. తరవాత యుద్ధం ముగిసింది, సర్కారు మారింది, ఆ వరస మాత్రం మారలేదు. ఇప్పుడు దసరా సభల్లో ఈ ఊరేగింపు చరిత్ర ఎవరో ఒకరు చెబుతారు. కలరా ఏడు అమ్మవారి పటం పట్టుకొని వీధులు తిరిగింది జవళి కొట్టువారి ముత్తాతట. అందరూ చప్పట్లు కొడతారు. నేనూ కొడతాను.

పండుగ వెళ్లాక నాన్న మగ్గం ఎక్కినప్పుడు, నా ఉపన్యాసం మొదటినుంచి చివరిదాకా ఆయనకు చదివి వినిపించాను. పోగుతో అటూ ఇటూ తిరిగే నాడె ఆపకుండానే విన్నాడు.

"అంతా నిజమే రాశావురా" అన్నాడు. తెగిన పోగొకటి ముడివేసి, "ఇంత నిజం వినే తీరిక ఎవరికుంది?" అన్నాడు.

నిడివి ఎక్కువైందని ఆయన అభిప్రాయమనుకొని, నేను ఆ సాయంత్రమే కూర్చుని దాన్ని సంక్షిప్తం చేయడం మొదలుపెట్టాను. ఇంకొక్క విశేషణం తీసేస్తే నాన్న పటం ముందుకు వచ్చేస్తాడని నమ్మి, దీపం దగ్గరకు జరుపుకొని దీక్షగా రాసుకుంటున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇక చాలు, లేవయ్యా అని చెప్పడానికి మాత్రం నోరు రాదు.