చేతికివ్వని ఉప్పు

సదాశివం గారు మంచు ఎత్తిపోసే మిషను కొన్నారని తెలిసిన రోజు నేను పడీపడీ నవ్వాను. మేముండేది ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్. ఇక్కడ మంచు పడితే ఏడాదికి రెండు రోజులు, మూడో రోజుకల్లా బురద. ఆయన ఇంటి ముందున్న జాగా మహా అయితే రెండు కార్లు పడుతుంది. దానికోసం పెట్రోలు పోసి, తాడు లాగి స్టార్ట్ చేసే ఎర్ర మిషను! రెండు చక్రాలు, ముందు ఇంత నోరు, పైన మంచుని దూరంగా చిమ్మే గొట్టం.

"బాబాయ్‌గారూ, పక్కింట్లోకి ఎలుగుబంట్లు గానీ అద్దెకు దిగుతున్నాయా?" అని అడిగాను.

"ఆయ్, నవ్వమ్మా నవ్వు. పడ్డ రోజున నువ్వే ఫోన్ చేస్తావు," అన్నారు. అది 2013 అక్టోబరు. ఆ చలికాలం చిటికెడు మంచు కూడా పడలేదు.

ఆయనది అమలాపురం. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం ఉందని ప్రపంచమంతా హడలిపోతున్న రోజుల్లో, పాత కోబాల్ ప్రోగ్రాములు సరిచేయడానికి ఇక్కడి ఇన్సూరెన్స్ ఆఫీసుకి వచ్చారు. గండం గడిచింది, ఆయన ఉండిపోయారు. నేను తెనాలి నుంచి వచ్చి అదే ఆఫీసులో చేరినప్పుడు, క్యాంటీన్‌లో నా డబ్బాలోని గోంగూర వాసన పట్టి పలకరించింది ఈయనే. మా పిల్లలకి అంకుల్, నాకు బాబాయిగారు. వాళ్ళకి పిల్లల్లేరు. భార్య గిరిజ గారు 2009 సెప్టెంబరులో పోయారు. ఆ వెనకే ఆఫీసు వాళ్ళు, ఇంట్లోంచే పని చేసుకోండి, అన్నారు. వాళ్ళకది సౌకర్యం. ఈయన మాత్రం సోమవారం నుంచి శుక్రవారం దాకా హెడ్‌సెట్‌లో తప్ప మనిషి గొంతు వినకుండా అయిపోయారు. నేనేమో పిల్లలు, ఆఫీసు, స్విమ్మింగ్ క్లాసులు అంటూ నెలకోసారి వెళ్ళేదాన్ని. అది నా తప్పే. ఇప్పుడనుకుని ఏం లాభం.

గిరిజ గారు పోయిన చలికాలంలోనే పెద్ద మంచు పడింది. 2010 జనవరి. ఊళ్ళో బస్సుల్లేవు, స్కూళ్ళు మూసేశారు. ఆ వీధిలో పదకొండేళ్ళుగా ఉంటున్నా ఈయనకి అందరితో 'మార్నింగ్' అన్న ఒక్క మాటతోనే పరిచయం. ఆ పొద్దున అందరూ బయటికొచ్చారు. ఈయన దగ్గర పార ఎక్కడిది? వంటింట్లోంచి గిరిజ గారి ప్లాస్టిక్ చేట తెచ్చి, బియ్యం చెరిగినట్టే మంచు ఎత్తి పక్కన పోయడం మొదలుపెట్టారు. తన జాగా అయ్యాక, పక్కింటి ముసలావిడ జారిపడుతుందేమోనని ఆవిడ గుమ్మం దాకా దారి చేశారు.

ఆవిడ పేరు మోరీన్. డెబ్భై దాటింది. భర్త లేడు. బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే పని ఇరవయ్యారేళ్ళు చేసి రిటైరైంది. తలుపు తీసి, చేటతో మంచు చెరుగుతున్న మనిషిని చూసి, నడుం పట్టుకుని నవ్విందట. నవ్వాక టీ ఇచ్చింది.

అప్పట్నించీ ప్రతి గురువారం మధ్యాహ్నం టీ. ఒక వారం ఆవిడింట్లో, ఒక వారం ఈయనింట్లో. సదాశివం అనడానికి నోరు తిరక్క ఆవిడ 'సాడా' అని పిలిచేదట. ఈయన పులిహోర పట్టుకెళితే, అందులో మిరపకాయలన్నీ ఏరి సాసర్లో వరసగా పేర్చి, "ఇవి మీవి," అనేదట. ఆవిడ టీవీలో క్విజ్ ప్రోగ్రాం పెడితే, లెక్కల ప్రశ్నలన్నీ ఈయనవి, రాజుల ప్రశ్నలన్నీ ఆవిడవి. ఇంతకన్నా ఏమీ లేదు. నేను వెళ్ళినప్పుడల్లా, "మోరీన్ ఇలా అంది, మోరీన్ అలా అంది," అని చెప్పేవారు. వింటూ విసుక్కునేదాన్ని కూడా. మూడేళ్ళు అలా గడిచింది.

2013 జనవరిలో మళ్ళీ మంచు పడింది. అప్పటికి ఈయన దగ్గర అసలైన మంచు పార ఉంది, బకెట్ నిండా, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే కల్లుప్పు ఉంది. ఇద్దరి జాగాలూ శుభ్రం చేశారు. ఆ వారంలోనే ఏదో అయింది. తర్వాత గురువారం, "ఈ వారం కుదరదు," అంది మోరీన్. ఆపై వారం కూడా కుదరలేదు. ఇక ఎప్పుడూ కుదరలేదు. మళ్ళీ 'మార్నింగ్' దగ్గరికే వచ్చింది వ్యవహారం.

ఎందుకో ఈయనకి అంతుపట్టలేదు. తలబద్దలు కొట్టుకుని చివరికి ఒకటి కనిపెట్టారు. మోరీన్ ఇంటి ముందు దారికి అంచున ఇటుకలు పేర్చి ఉంటాయి. వాటిని ఆవిడ భర్త తన చేతులతో పేర్చాడట. అందులో ఒకటి, ఈయన పార తగిలి మూల విరిగింది. వెళ్ళి క్షమాపణ చెప్పారు. "ఏ ఇటుక?" అందట ఆవిడ. "నాకు ఇటుకల గొడవ లేదు," అని తలుపేసిందట.

"చూశావా, ఎంత కోపమో," అన్నారు నాతో. "ఆ ఇటుక పేరు కూడా ఎత్తనివ్వట్లేదు."

ఆ అక్టోబరులో మోరీన్ ఇంటి ముందు 'అమ్మబడును' అన్న బోర్డు లేచింది. డెవన్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుందని పోస్టు తెచ్చే అతను చెప్పాడు. మరుసటి వారం ఎర్ర మిషను వచ్చింది. దాని నోటి కింద రబ్బరు అంచు ఉంది. నేల గీరుకోదు, ఇటుకకి తగిలినా ఏమీ కాదు. సంగతి ఇదని క్రిస్మస్ సెలవుల్లో గానీ నాకు చెప్పలేదు.

"ఒక్కసారి పడితే చాలమ్మాయ్. ఆవిడ వెళ్ళేలోగా ఒక్కసారి. పొద్దున లేచి కర్టెన్ తీసేసరికి దారి తుడిచినట్టుండాలి. ఒక్క ఇటుక కదలకూడదు. చూసి తలుపు తీస్తుంది. మొదటిసారీ అలాగే కదా తీసింది."

"మంచు కోసం ఎందుకండీ? వెళ్ళి తలుపు కొట్టండి."

"కొట్టి ఏవనాలి?" అన్నారు.

ఇక మొదలైంది ఆయన ఎదురుచూపు. ఆ ఏడాది వాన, వాన, వాన. గాలివానకి కంచెలు పడిపోయాయి. ఊరికి పడమటి వైపు నేలలోంచి నీళ్ళు ఉబికి ఇళ్ళల్లోకి వచ్చాయి. చలి మాత్రం లేదు. జనవరిలో పది డిగ్రీలు, పదకొండు. ఈయన వంటింట్లో తెలుగు క్యాలెండరుకి పెన్ను కట్టి, తిథి పక్కన ఉష్ణోగ్రత రాయడం మొదలుపెట్టారు. ఫోన్లో నాలుగు రకాల వాతావరణం యాప్‌లు. ఏ ఒక్కటి మంచు బొమ్మ చూపించినా, నేను పిల్లల్ని బడికి తయారుచేసే హడావిడిలో ఉండగా ఫోన్. "అమ్మాయ్, మీవైపు ఏవన్నా పడిందా?" మా ఇంటికీ ఆయన ఇంటికీ రెండు మైళ్ళు. ఆయన నెత్తిన పడని మంచు నా నెత్తిన పడుతుందా! ఒకరోజు కసిరాను కూడా. మర్నాటి నుంచి ఫోన్ చేయడం మానేసి మెసేజ్ పెట్టేవారు. అది ఇంకా బాధనిపించేది.

మిషను మూలపడితే పాడవుతుందని ప్రతి ఆదివారం పదింటికి బయటికి తెచ్చి, వానలో గొడుగేసుకుని, పావుగంట నడిపేవారు. వీధంతా మోత. ఒకసారి ఊరికే తిప్పడం ఎందుకని రాలిన ఆకుల మీద నడిపితే, ఆ తడి చెత్త అంతా వెళ్ళి ఆయన కిటికీకే అంటుకుంది. మోరీన్ కర్టెన్ కదిలిందట. "నవ్విందేమో," అన్నారు, ఎంతో ఆశగా. నాకు నవ్వు రాలేదు.

ఉప్పు బకెట్‌ని షెడ్డులోంచి ఇంట్లోకి తెచ్చి, హీటర్ పక్కన పెట్టారు. చెమ్మకి గడ్డకట్టేస్తోందని పొద్దున్నే గరిటెతో చిదిపేవారు. జనవరి నెలాఖరుకి పక్కింటి బోర్డు మీద 'అమ్ముడయింది' అన్న పట్టీ పడింది. మార్చి ఒకటో తారీకు శనివారం ప్రయాణం.

ఫిబ్రవరి మూడో వారంలో మా చిన్నదాని చెవినొప్పికి డాక్టరు దగ్గరికి వెళితే, అక్కడ మోరీన్ కూర్చుని ఉంది. గురువారం టీల్లో రెండు మూడుసార్లు నన్ను చూసింది కాబట్టి పలకరించింది. ఊరు విడిచి వెళ్ళడం గురించి చెప్పింది. నేనిక ఆగలేక, "సదాశివం గారు ఆ ఇటుక గురించి చాలా బాధపడుతున్నారు," అన్నాను.

"మళ్ళీ ఇటుకేనా?" అంది విసుగ్గా. చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని, మెల్లిగా చెప్పింది. "ఆ మంచు రోజున సాయంత్రం నా మెట్టు మీద గడ్డకట్టింది. కాస్త ఉప్పు అడిగాను. బకెట్ తెచ్చాడు. నేను రెండు చేతులూ చాపాను. ఆయన నా చేతులు చూసి, వెనక్కి జరిగి, బకెట్ కింద పెట్టాడు. మర్నాడు మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే. కుక్కకి గిన్నె పెట్టినట్టు. ఇరవయ్యారేళ్ళు పిల్లలకి అన్నం పెట్టిన చేతులమ్మా ఇవి. ముట్టుకోవడం ఇష్టం లేనివాడు మూడేళ్ళు నా ఇంట్లో టీ ఎందుకు తాగాడు?"

ఉప్పు! ఉప్పు చేతికిస్తే ఇద్దరికీ గొడవవుతుందని మా అమ్మ నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చేతి మీద కొట్టిందో. భోజనాల బల్ల దగ్గర నేనివాళ్టికీ ఉప్పు గిన్నె చేతికివ్వను, కిందపెట్టి జరుపుతాను. ఎందుకని ఆలోచించను, చెయ్యి దానంతటదే చేస్తుంది. అది చెప్పబోతుండగానే లోపల్నుంచి ఆవిడ పేరు పిలిచారు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మేము బయటికొచ్చేసరికి లేదు.

ఆ రోజే బాబాయిగారికి చెప్పాల్సింది. చిన్నదానికి జ్వరం, నాకు ఆఫీసు, వచ్చిన చుట్టాలు. ఫోన్లో చెప్పే మాట కాదనుకుంటూ వారం రోజులు నాన్చాను. మధ్యలో ఒక గురువారం ఉంది. ఆ గురువారం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

చివరికి శుక్రవారం సాయంత్రం వెళ్ళి చెప్పాను.

"నేనా? కింద పెట్టానా?" అన్నారు. ఆయనకి అసలు గుర్తే లేదు. హీటర్ పక్కనున్న బకెట్ వైపు చూస్తూ, "ఆవిడతో గొడవ ఎక్కడొస్తుందోనని పెట్టుంటాను," అన్నారు. కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు తీసి, ఎక్కడ పెట్టారో తెలియక వెతుక్కున్నారు.

మర్నాడు పొద్దున నేనూ వెళ్ళాను. ఎండ వెచ్చగా ఉంది. సామాన్ల లారీ అప్పటికే బయల్దేరింది. మోరీన్‌ని తీసుకెళ్ళడానికి వచ్చిన మేనల్లుడు కారులో కూర్చుని ఉన్నాడు. ఆవిడ కోటు వేసుకుని, తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బాబాయిగారు ఉప్పు బకెట్ పట్టుకుని, విరిగిన ఇటుక పక్కనుంచి నడిచి వెళ్ళారు.

"మోరీన్, చేతులు పట్టండి."

ఆవిడ బకెట్ వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. "మంచు లేదు కదా?"

"లేదు. పడలేదు. చాలా చూశాను," అన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్ళ ఇంగ్లీషూ ఎటుపోయిందో గానీ, తడుముకుంటూ చెప్పారు. "మా వైపు ఉప్పు చేతిలోంచి చేతికి ఇవ్వం. ఇస్తే ఇద్దరూ పోట్లాడుకుంటారని. మీతో పోట్లాట నాకిష్టం లేదు. అందుకని కింద పెట్టాను. మీ చేతుల వల్ల కాదు."

మోరీన్ తాళం కోటు జేబులో వేసుకుని, రెండు చేతులూ చాపింది. ఆయన బకెట్ ఆ చేతుల్లో పెట్టారు. బరువుకి ఆవిడ చేతులు వంగితే, కింద తన చేతులు ఆన్చారు. అలా ఇద్దరూ ఆ బకెట్ పట్టుకుని నిలబడ్డారు.

"పిచ్చి మనిషీ," అంది ఆవిడ. "ఏడాది పోయింది కదా సాడా."

మేనల్లుడు హారన్ కొట్టాడు. ఉప్పు బకెట్‌ని ఆవిడ డిక్కీలో పెట్టనివ్వలేదు, కాళ్ళ దగ్గర పెట్టుకుంది. డెవన్‌లో సముద్రం ఒడ్డున ఉంటుందట చెల్లెలి ఇల్లు. అక్కడ మంచు పడదట. కారు మలుపు తిరిగేదాకా బాబాయిగారు చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

లోపలికొచ్చి టీ పెట్టారు. అలవాటుగా పక్కింటి వైపు కుర్చీలో కూర్చున్నారు. కిటికీలోంచి మోరీన్ ఇల్లు కనబడుతోంది. కర్టెన్లు లేవు, అటువైపు గోడ దాకా ఖాళీ.

"చేతికిచ్చేశాను కదమ్మాయ్," అన్నారు, నవ్వబోతూ. "ఇప్పుడు గొడవ పడాలి. ఎవరితో పడనూ?"

నాతో పడండి బాబాయ్‌గారూ, అందామనుకున్నాను. నా కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాను.