స్టీలు కొట్టులో తల వంచుకున్నాను

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, మనసు బాగాలేకపోతే ఏం చేయాలో చెప్పే వీడియోలు ఫోన్‌లో బోలెడు వచ్చేవి. ఊపిరి ఇలా పీల్చాలి, అలా వదలాలి అని. నేను మాత్రం కొట్లు తిరిగేదాన్ని. బట్టల షాపులు, నగల షాపులు కాదు (అక్కడికి వెళితే ఉన్న దిగులు రెట్టింపవుతుంది). ఇనుప సామాన్ల కొట్టు, తాళ్ళ కొట్టు, ప్లాస్టిక్ బకెట్ల కొట్టు. చిన్న గొళ్ళేలు ఒకవైపు, పెద్ద గొళ్ళేలు ఒకవైపు, మేకులు సైజుల వారీగా డబ్బాల్లో, పైన కొబ్బరితాళ్ళ వాసన. అవి చూస్తుంటే లోకంలో కొన్నయినా తమ చోట తాము ఉన్నాయని నమ్మకం కలిగేది. "ఏం కావాలమ్మా" అంటే "చూస్తున్నానన్నా" అనేదాన్ని. గొళ్ళెంలో చూడటానికేముందా అని వాళ్ళు కాసేపు ఆలోచించి, నన్ను వదిలేసేవాళ్ళు. పగలంతా ఇందుకూరుపేట దగ్గర ల్యాబ్‌లో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేయడం, సాయంత్రం నెల్లూరులో బస్సు దిగి ఇలా తిరగడం, ఆ తర్వాత నేనుంటున్న పెద్దమ్మ ఇంటికి చేరడం. దాదాపు నెల రోజులు ఇదే నా వైద్యం.

జబ్బేమిటంటే, ఒక పెళ్ళి సంబంధం. అబ్బాయికి శ్రీహరికోటలో కాంట్రాక్టు ఉద్యోగం. చూడటానికి వచ్చినవాళ్ళలో అంతకుముందు ఎవరూ అడగనిది అతను అడిగాడు, నీళ్ళలో ఉప్పు ఎంతుందో ఎలా కనిపెడతారని. నేను చెబుతుంటే నిజంగానే విన్నాడు. (మిగతావాళ్ళు బిరియానీ వచ్చా అని అడిగి, జవాబు కూడా వినలేదు.) అతను నాకు నచ్చాడు. నచ్చాడని పెద్దమ్మకు చెప్పేశాను కూడా. వాళ్ళ మేనత్త లేచి వెళుతూ, "ప్రార్థన చేసుకోని చెప్తాంలే" అనింది. మా క్రైస్తవ కుటుంబాల్లో ఈ మాటకు ఎదురు లేదు. తొందరగా చేసుకోండి అనలేం కదా. ఆ నెలలో శ్రీహరికోట నుంచి రాకెట్టు కూడా చెప్పిన టైముకే ఎగిరింది. వీళ్ళ ప్రార్థన మాత్రం తెమల్లేదు.

అలాంటి ఒక సాయంత్రం స్టీలన్న కొట్టులోకి వెళ్ళాను. ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. మా చర్చిలోనే ముందు వరుసలో కూర్చుంటారని నాకు తెలుసు. నేనెవరో ఆయనకు తెలుసని మాత్రం నాకు తెలియదు. ప్రతి గిన్నెకూ సరిపోయే మూత సిద్ధంగా ఉన్న చోటు అదొక్కటే అనిపించి, ఇడ్లీ పాత్రల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆయన కుర్చీ వేయించారు. టీ తెప్పించారు. నేను వద్దంటున్నా బిందెలు దించి వరసగా పెట్టించారు. మా వైపు వయసొచ్చిన పిల్ల స్టీలు కొట్టుకొచ్చి ఊరికే చూస్తుందని ఎవరూ అనుకోరు, అది నాకు తట్టలేదు.

"ఏం పాపా, సంబంధం కుదిరినట్టుండాదే?" అన్నారాయన మెల్లగా.

ఆ మాట వినగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయనకు కనబడకూడదని తల వంచుకున్నాను. నేను చేసిందల్లా అంతే. పెళ్ళి మాటెత్తినప్పుడు ఆడపిల్ల తల వంచుకుంటే మా జిల్లాలో దానికి ఒకటే అర్థం. ఆయన ముఖం వెలిగిపోయింది. "మంచిది తల్లీ, దేవుడు గొప్పోడు" అన్నారు. నేను టీ తాగేసి బయటపడ్డాను.

ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతలు చెప్పుకునే సమయం వచ్చింది. మామూలుగా జ్వరాలు తగ్గినవాళ్ళు, పరీక్షలు పాసైనవాళ్ళు లేస్తారు. ఆ రోజు స్టీలన్న లేచారు. "మన సంఘంలో ఒక బిడ్డకి ప్రభువు మంచి సంబంధం కుదిర్చినాడు. నా కొట్టుకే వచ్చినాది, సామాను చూసుకునేదానికి" అని, వెనక్కి తిరిగి చేయి చాపి నన్ను చూపించారు. సంఘమంతా స్తోత్రం అన్నది. పక్కనున్న పెద్దమ్మ కూడా అలవాటుకొద్దీ స్తోత్రం అనేసి, ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"ఎవురితో మే కుదిరింది? నాకు ఒక మాటన్నా చెప్పుండకూడదా" అని గొణిగింది.

ఆ వారం మా చర్చికే వచ్చిన అబ్బాయి మేనత్త మాకు రెండు వరసల వెనక కూర్చుని ఉన్నదని గేటు దాటాక ఎవరో చెబితేనే తెలిసింది. సాయంత్రం ఫోన్ చేసింది. పెద్దమ్మ స్పీకర్ పెట్టింది. "మేము ప్రార్థనలో ఉండంగానే మీరు ఖాయం చేసుకున్నారంట గదా. పోనీలే, మాకూ జవాబు దొరికింది" అనింది. ఆ గొంతులో బాధ వెతికాను. ఇల్లు చేరాక చెప్పులు విప్పినంత హాయిగా ఉంది ఆ గొంతు. అట్టా కాదమ్మా అని పెద్దమ్మ విడమరిచి చెప్పబోయింది. "దేవుడు మూసిన తలుపు మనం తెరవకూడదు" అని ఆవిడ పెట్టేసింది. తలుపు వాళ్ళది, మూసిందీ వాళ్ళే, మధ్యలో నెపం దేవుడి మీదికి పోయింది.

"అసలు ఆ కొట్లోకి ఎందుకు పోయినావ్ మే?" అన్నది పెద్దమ్మ.

"మనసు బాగాలేక."

"మనసు బాగాలేకుంటే ఎవురైనా మోకాళ్ళ మీద ఉంటారు, ఇడ్లీ పాత్రల ముందర గాదు" అనింది. తర్వాత నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని తల నిమిరింది.

మర్నాడు బస్సు దిగి నేరుగా స్టీలన్న దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. పాపం, ఆయన బిందె మీద నుంచి చెయ్యి తీయడం మర్చిపోయారు. "నేనే చెడగొట్టినట్టుండాను గదా తల్లీ" అన్నారు.

"లేదన్నా. వాళ్ళకి వద్దనేదానికి ఒక సాకు కావాలి, అది మీ దగ్గర దొరికింది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకూ అది నిజమని తెలిసింది. గుండె బరువు కొంచెం దిగింది.

ఊరికే ఇస్తానని ఆయన ఎంత చెప్పినా వినకుండా, మూత గట్టిగా పట్టే ఒక డబ్బా నా డబ్బులతోనే కొనుక్కున్నాను. మా దగ్గర స్టీలు సామాను పేరు కొట్టించకుండా ఇంటికి పోదు. ఇచ్చినవాళ్ళ పేరు పైన, పుచ్చుకున్నవాళ్ళ పేరు కింద. ఆయన చెక్కే మిషన్ తీసుకుని, అలవాటు ప్రకారం అడిగారు.

"ఎవురిచ్చినట్టు కొట్టమంటావ్?"

నా పేరు చెప్పాను.

"ఎవురికి?"

మళ్ళీ నా పేరే చెప్పాను. ఆయన ఒకసారి తలెత్తి చూసి, మిషన్ ఆన్ చేశారు. కింది పేరు కొంచెం పెద్దదిగా చెక్కారు.

ఇప్పుడు ఆ డబ్బాలో చింతపండు ఉంటుంది. పెళ్ళయిన కొత్తల్లో మా ఆయన (ఇతను వేరే, ప్రార్థన త్వరగా ముగించిన మనిషి) దాన్ని చూసి, చెక్కినతను ఒకే పేరు రెండుసార్లు కొట్టేశాడే, మార్చి ఇమ్మని అడగలేదా అన్నారు. మొహమాటపడ్డానని చెప్పాను.