గోడ మీద మా చెల్లె వెంట్రుకలు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు. ఉన్నదల్లా విసుగు. మా బాన్సువాడలో ఎవరింట్లో పాలు విరిగినా గాలి సోకిందనే మనిషి ఒకరు తయారవుతారు. అలాంటివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి.

నేను సిరామిక్ పలకలు చేసి గోడలకు అతికిస్తాను. వాటి మీద పూలూ దేవుళ్ళూ ఉండరు. మంట, పొగ వాటంతటవి వేసిన మరకలే బొమ్మ. బిచ్కుంద నుంచి వచ్చిన ఒకాయన "గిది ఏం బొమ్మ అక్కా?" అని అడిగితే, "నీకేం కనవడితే గదే" అని తప్పించుకున్నాను.

అందులో ఒక పద్ధతి వెంట్రుకలది. బట్టీలో ఎర్రగా కాలిన పలకను పట్టకారుతో బయటికి తీసి, ఆ వేడి మీదే వెంట్రుక వదలాలి. అది చుర్రుమని మెలికలు తిరిగి మాడిపోతుంది. దాని జాడ నల్లటి గీతగా పలకలో దిగిపోతుంది. వేరేవాళ్ళు గుర్రం తోక వెంట్రుకలు వాడతారు. నాకు గుర్రమెక్కడిది? మా ఆడవాళ్ళు దువ్వెనకు ఊడిన వెంట్రుకల్ని ఉండ చుట్టి, వాటికి గిన్నెలిచ్చేవాళ్ళ కోసం గోడ సందులో దాచుకుంటారు. నేను నా ఉండతోనే పని కానిచ్చేదాన్ని.

మా చెల్లె సరితకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మందులకు జుట్టు రాలకముందే తన జడ కత్తిరించి నా చేతిలో పెట్టింది.

"గిన్నెలోళ్ళకు ఇయ్యకే అక్కా. కాల్చి నా ఇంట్ల గోడకు పెట్టు. రోజూ సూసుకుంట."

ఏడుస్తూనే కాల్చాను. పై వరుస పలకలకు తన వెంట్రుకలు, కింది వరుసకు నావి. ఒకే మట్టి, ఒకే బట్టీ, ఒకే రోజు. వాళ్ళ ముందుగదిలో నేనే అతికించాను.

మందులు పనిచేశాయి. జబ్బు పోయిందన్నారు. సరిత తలమీద నూగులా జుట్టు మొలిచింది. పై వరుస గీతలు పలచబడటం అప్పుడే గమనించాను. మొదట నా కళ్ళనే అనుమానించాను. ఆమె జుట్టు చెవుల దాకా వచ్చేసరికి గీతలు బూడిద రంగుకు తిరిగాయి. భుజాలు తాకేసరికి పలకలు తెల్లగా మిగిలాయి. కింది వరుస మాత్రం నల్లగా అలాగే ఉంది.

ఎండకు పోయిందన్నాడు సరిత భర్త, మా మరిది. ఆ గోడకు ఎండే తగలదు. అయినా నా వెంట్రుకతో అలాంటి పలక ఒకటి కాల్చి మా డాబా మీద ఎండాకాలమంతా పడేశాను. పీచు పెట్టి తోమాను. దాని గీత చెక్కుచెదరలేదు. ఫొటోలన్నీ నా ఫోన్లో ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే ఉండేది. గీతలు పోతే పోనీ, జబ్బు కూడా పోయింది కదా అనుకున్నాను.

మొన్న నాట్లు పడే రోజుల్లో గీతలు మళ్ళీ వచ్చాయి.

ముందు ఒక మూలన నీడలాగా, తర్వాత సన్నగా. పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. అదే చోటు, అదే మెలిక. గీతలతో పాటు జబ్బు కూడా తిరిగొచ్చిందేమో అనుకున్నాను. ఏదో వంక పెట్టి సరితను హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్ళాను. అన్ని పరీక్షలూ చేసి, ఏమీ లేదు, అంతా బాగుంది అన్నారు.

"ఉత్తగనే ఫికర్ జేస్తవ్ నువ్వు" అని సరిత బస్సులో దారి పొడవునా నన్ను ఆటపట్టించింది. తిరిగొచ్చి చూస్తే గీతలు ఇంకా ముదిరాయి.

పలకలు పీకేద్దామని ఒకరోజు ఉలి తీసుకుని వెళ్ళాను. ఆనించి, మళ్ళీ వెనక్కి తీశాను. అవి పగిలితే ఆమెకు ఏమవుతుందో నాకేం తెలుసు? తీస్తే భయం, ఉంచితే భయం. డాక్టరుకు చెబితే నన్నే ఎక్కడైనా చూపించుకోమంటుంది. మరిదికి చెబితే ఆ రోజు నుంచి అతనికి నిద్ర ఉండదు.

నిన్న పొద్దున వెళ్ళేసరికి సరిత ఆ గోడ ముందే నిలబడి జడ వేసుకుంటోంది.

"సూడే అక్కా, నా గీతలు మల్ల ఎంత మంచిగ తేలినయో! నీ పనితనమే పనితనం."

అవునే అన్నాను. ఆ పలకలు కాల్చింది నేనే. అవి ఏమైనా చెబుతున్నాయో లేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. సరిత వెనక్కి తిరిగి, జడ చివర రబ్బరు బ్యాండు పెట్టమంది. పెట్టాను. అంతకుమించి నేను చేయగలిగింది ఏమీ కనిపించలేదు.