హెరాల్డు ఛాసిస్ మీద చివరి అంకె

కరోనా రావడానికి రెండేళ్ల ముందు, కార్తీకమాసం వెళ్లిన వారంలో, గజపతినగరం నుంచి ఒక హెరాల్డు కారు లారీ మీద విజయనగరంలోని నా షెడ్డుకి వచ్చింది. అప్పటికి నేను టింకరింగ్ పనిలోకి దిగి నలభై నాలుగేళ్లు. టింకరింగ్ అంటే ఇంజను పని కాదు. సొట్టలు తీయడం, తుప్పు తినేసిన రేకు కోసి కొత్త రేకు అతకడం, తలుపు వేస్తే టక్కున పడేలా సర్దడం, ఇదీ మా పని. నాలుగో తరగతితో బడి మానేసిన వాణ్ణి. పేపరు కూడబలుక్కుని చదువుతాను. నా షెడ్డులో నోటు పుస్తకం ఎప్పుడూ లేదు. ఎవరి బండికి ఏ పక్క రేకు వేశాను, ఏ రంగు ఎన్ని పూతలు కొట్టాను, అన్నీ బుర్రలోనే ఉండేవి. పదేళ్ల తరవాత అడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

హెరాల్డు అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. మద్రాసులో తయారయ్యేది. దాని బానెట్టు రెండు మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకు లేస్తుంది. అలా లేపితే ముందు చక్రాలు, ఇంజను, బండిని మోసే ఇనప చట్రం ఛాసిస్ అన్నీ కళ్లెదుట ఉంటాయి. బాడీ అంతా ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, విప్పితే ఏ ముక్కకా ముక్క వచ్చేస్తుంది. టింకరుకి ఇంతకంటే మంచి బండి లేదు. స్టీరింగు ఎంత తిరుగుతుందంటే, మిగతా కార్లు నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడే సందులో ఇది ఒక్క తిప్పులో తిరిగిపోతుంది.

ఇలాంటివి మన వైపు ఒకప్పుడు బాగానే ఉండేవి. తయారీ ఆగిపోయి సామాను దొరకడం మానేశాక ఒక్కొక్కటే షెడ్డుల వెనక చేరాయి. దాచడం ఏమిటి, కోయడమే. నేనే గ్యాసు పెట్టి మూడు హెరాల్డులు తుక్కుకి కోశాను. అందులో ఒకదాని బానెట్టు పొందూరులో ఒక మగ్గాల షెడ్డు మీద వానకి అడ్డుగా చాలా ఏళ్లు ఉండేది. అప్పుడు బాధ అనిపించలేదు. పని, అంతే.

ఈ నాలుగోదాని మనిషి చలపతిబాబు. గజపతినగరం బజారులో కిరాణా హోల్‌సేలు. నా ఈడువాడే. కారు తండ్రి కొన్నది. తండ్రి పక్కన కూర్చుని అందులోనే డ్రైవింగు నేర్చుకున్నాడు. తండ్రి పోయాక కారు గొడౌనులో బస్తాల వెనక పద్దెనిమిదేళ్లు పడి ఉంది. తమ్ముడు గోవిందుకి ఆ చోటు కావాలి. అన్నదమ్ములు పెద్దల ఎదుట ఒక మాటకి వచ్చారు. ఉగాదిలోగా కారుకి రిజిస్ట్రేషను రెన్యువల్ అయితే కారు అన్నది. కాకపోతే తుక్కుకి పోతుంది. గోవిందు చెడ్డవాడు కాదు గానీ ముద్ర వేసిన కాగితం తప్ప ఇంకేదీ నమ్మడు.

"ఒరే పైడిరాజూ, నా ప్రాణం నీ సేతిలో పెట్టీసాను, సూసుకో," అన్నాడు చలపతిబాబు లారీ దిగుతూనే.

"ప్రాణం సంగతి తెల్దు గానీ బాబూ, కింద రేకు మాత్రం అప్పడంలాగున్నాది," అన్నాను.

రెండు నెలల పని. ఆదివారాలు విశాఖ నుంచి పాత కార్ల ప్రియులు నలుగురైదుగురు వచ్చేవారు. చలపతిబాబే వాళ్లను పోగేశాడు. వాళ్లలో వాళ్లకే ఒకరి మాట ఒకరికి పడేది కాదు. రేవులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన, రెండు తలుపులదే అసలు హెరాల్డనీ, నాలుగు తలుపులది సంసారం కోసం చేసిన రాజీ అనీ వాదించేవాడు. ఇంకొకాయన మొదటి రంగు దొరికేదాకా గీకమనేవాడు. ఆయన కోసం డోరు లోపల గీకితే కింద మూడు రంగులు బయటపడ్డాయి. మూడింటిలో ఏది అసలుదని మళ్లీ తగువు. కొత్త రంగు వేస్తే కారు చచ్చిపోయినట్టేనని ఒకరు, వేయకపోతే వానాకాలానికి చస్తుందని ఒకరు. నేను వింటూ పని చేసేవాణ్ణి. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే, తలుపులు రెండైనా నాలుగైనా బాగా పడితే చాలనేవాణ్ణి.

ఇక నంబరు సంగతి. రిజిస్ట్రేషను రెన్యువల్‌కి బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూడాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మా వైపు ఇంకా అలాగే పిలుస్తాం. అప్పుడు విజయనగరం ఆఫీసులో ఉన్నది ఒకావిడ. తనిఖీలో మొదట చూసేది ఛాసిస్ నంబరు. ఛాసిస్ ఇనుము మీద అంకెల అచ్చులున్న ఉక్కు పంచ్‌లతో కొట్టి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. దీన్ని ప్రింటు తీయడం అంటారు. ఆ ప్రింటు సీ బుక్కులో, అంటే రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న నంబరుతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ బండి ఎవరిదో తెలియని బండి కిందే లెక్క.

ఈ కారుకి కంపెనీ బిగించిన నంబరు రేకు ఎప్పుడో ఊడిపోయింది. మిగిలింది ఛాసిస్ మీద కొట్టినదొక్కటే. బండి వచ్చిన మొదటి రోజే బానెట్టు ఎత్తి, మట్టి తుడిచి, తుప్పు మీద వేలు పెట్టి తడిమి చదివాను. చివరి అంకె ఎనిమిది. ప్రింటు తీయలేదు. ఎందుకు తీయాలి? నాకు గుర్తుంది కదా.

తనిఖీ గురువారం అనగా, అంతకుముందు ఆదివారం నంబరు శుభ్రం చేయడానికి కూర్చున్నాను. పద్ధతి ఏమిటంటే, ముందు ప్రింటు, తరవాత ఒక రోజు కిరసనాయిల్లో నాననివ్వడం, ఆ పైన ఇత్తడి బ్రష్షు, సన్న గరుకు కాగితంతో చేతిరుద్దుడు. మిషను ముట్టకూడదు. ఈ మాట నా కింద పని నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పాను. ఆ రోజు విశాఖ వాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. రైలుకి వేళైందని చేతి వాచీలు చూసుకుంటున్నారు. వాళ్లు వెళ్లేలోగా నంబరు మెరిపించి చూపిద్దామనిపించింది. గ్రైండరు అందుకున్నాను. తుప్పు మందంగా ఉందనుకుని నొక్కాను. తుప్పు ఒక పక్క మందం, ఒక పక్క పొర. రవ్వలు ఆగి చూసేసరికి ఇనుము అద్దంలా ఉంది. చివరి మూడు అంకెలు లేవు.

నంబరు తరవాత చూద్దురు గానీ అని వాళ్లను పంపేశాను. చలపతిబాబు ఉండిపోయాడు. నా మొహం చూసి దగ్గరికొచ్చాడు.

"ఏటైనాది?"

"నంబరు పోనాది బాబూ. సివర మూడూ అరిగిపోనాయి."

ఆయన వంగి అరిగిన చోట వేలు పెట్టి చూశాడు. "నీకు గుర్తుంది కదరా?"

"గుర్తుంది."

"పంచ్‌లున్నాయా?"

"ఉన్నాయి."

"మరింకేటి? కొట్టీ. దొంగ నంబరేటి కాదు కదా, మన నంబరు మనం కొట్టుకుంతన్నాం."

ఇన్‌స్పెక్టరు ఆఫీసు ఉత్తర్వు లేకుండా ఛాసిస్ మీద అంకె కొట్టడం నేరం. అది నాకు తెలుసు. కానీ ఆయన మాట కూడా సబబుగానే తోచింది. నా చేత్తో పోయినదాన్ని నా చేత్తో తిరిగి పెడుతున్నాననుకున్నాను. పంచ్‌ల డబ్బా తీశాను. దెబ్బ లోతు చూసుకోవడానికి ముందు తుక్కు రేకు మీద కొట్టి చూస్తాం. అలాగే మూడు అంకెలూ కొట్టాను. చలపతిబాబు రేకు అందుకుని వెలుతురులో పట్టుకుని చూశాడు.

"సివర ఎనిమిదేటి? మూడు కదా?"

"ఎనిమిదే బాబూ."

ఆయన సంచీలోంచి సీ బుక్కు జిరాక్సు తీశాడు. వ్యాపారం చేసే మనిషి, కాగితం లేకుండా కదలడు. అందులో చివరి అంకె మూడు.

"సూసావా? మూడు కొట్టీ, పనైపోతాది," అన్నాడు.

నా చెయ్యి ఆడలేదు. ఎనిమిది కొట్టేటప్పుడు నిజాన్నే తిరిగి రాస్తున్నాననుకున్నాను. నా వేలికి తగిలింది ఎనిమిది. ఇప్పుడు మూడు కొడితే అబద్ధం కొట్టినట్టే. ఎప్పుడో ఏ గుమాస్తానో పుస్తకంలో తప్పు రాసి ఉంటాడని నా గట్టి నమ్మకం. సుత్తి కింద పెట్టేశాను.

"నీకేటైనా పిచ్చా? పుస్తకం కంటే నీ బుర్ర గొప్పదా?" అని చలపతిబాబు అరిచాడు. నేను పంచ్‌లు డబ్బాలో సర్దేశాను.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని మా ఆవిడ నరసమ్మకి చెప్పాను. ఆవిడ వడ్డిస్తూనే, "సంతకెళ్లి ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చిన మనిషివి. అంకె ఒకటి తప్పు పోదా?" అంది.

"ఉప్పు వేరు, నంబరు వేరే."

"అయితే ఆ ఇన్‌స్పెక్టరమ్మకే సెప్పీ. ఆవిడే తేలుస్తాది."

సోమవారం చలపతిబాబును వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఇన్‌స్పెక్టరమ్మకి ముప్పై అయిదేళ్లుంటాయేమో. జరిగింది జరిగినట్టు చెప్పాను, పంచ్‌లు బయటికి తీసిన సంగతితో సహా. ఆవిడ కోప్పడలేదు. తెల్ల కాగితం తీసి వాంగ్మూలం రాయడం మొదలుపెట్టింది.

"అరగదీయకముందు నంబరు చదివారా?"

చలపతిబాబు బల్ల కింద నా కాలు తొక్కాడు. పుస్తకంలో ఉన్నదే చెప్పమని ఆయన ఉద్దేశం. నేను ఎనిమిదంటే ఇనుముకీ కాగితానికీ పొసగనట్టే. కారు ఇక లేవదు. చదవలేదన్నా సరిపోయేది.

"సదివానమ్మా. సివర ఎనిమిది. పుస్తకంలో మూడున్నాది."

ఆవిడ కలం ఆపి నా వైపు చూసింది. "కంటితో చదివారా, వేలితోనా?"

"వేలితోనమ్మా. తుప్పు మీంచి."

ఆ ముక్క అలాగే రాసింది, 'తుప్పు మీద వేలితో తడిమి ఎనిమిదిగా గ్రహించాను' అని. సంతకం పెట్టాను. అరిగిన అంకెలు తేల్చే విశాఖ ఫోరెన్సిక్ ల్యాబుకి రాస్తాననీ, అక్కణ్ణుంచి మనిషి వచ్చేదాకా అరిగిన చోట గ్రీజు పూసి ఎవరూ ముట్టకుండా ఉంచమనీ చెప్పింది. బయటికి రాగానే చలపతిబాబు, "కొంప ముంచీసావురా. మా గోవిందుగాడికి ఇయాలే పండగ," అన్నాడు. ఆ తరవాత నెల రోజులు షెడ్డు వైపు రాలేదు.

ల్యాబు ఆయన శివరాత్రి వెళ్లిన వారానికి వచ్చాడు. చలపతిబాబు వచ్చాడు, ఈసారి గోవిందు కూడా. ఇన్‌స్పెక్టరమ్మ పక్కనే నిలబడింది. ల్యాబు ఆయన గ్రీజు తుడిచి, సన్న గరుకు కాగితంతో ఇనుమును మరింత నునుపు చేశాడు. దూదికి ఏదో యాసిడ్ మందు ముంచి మెల్లగా అద్దుతూ కూర్చున్నాడు. నలభై నాలుగేళ్లు ఇనుముతో బతికినా ఆ సంగతి నాకు తెలియదు. పంచ్ దెబ్బకి పైన గుంట పడడమే కాదు, గుంట కింద లోహం కూడా నలుగుతుందట. పైన ఎంత అరగదీసినా ఆ నలుగుడు కొంత లోతు దాకా మిగిలి ఉంటుంది. నలిగిన చోటును యాసిడ్ వేరే తీరుగా తింటుంది, అప్పుడు అంకె నీడలా తేలుతుంది.

మొదటి అంకె తేలింది. రెండోదీ తేలింది. రెండూ నేను చెప్పినవే. మూడోది అరగంట పట్టింది. ఆయన భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. అంకె కుడి పక్కన రెండు వంపులు ఉన్నాయి. ఎడమ పక్క ఖాళీ.

"మూడు," అన్నాను. అందరికంటే ముందు నేనే అన్నాను.

తుప్పు ఎడమ పక్క బొబ్బలా లేచి రెండు వంపులనీ మూసి ఉంటుందనీ, వేలికి అది ఎనిమిదిలా తగిలి ఉంటుందనీ ఆయన చెప్పాడు. నీడ ఉండగానే ఫొటోలు తీసుకుని కాగితాల మీద సంతకాలు చేశారు. చలపతిబాబు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "రా, ఎనిమిదిగారూ, టీ తాగుదాం," అన్నాడు. గోవిందు కూడా నవ్వాడు.

ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చాక, ఇన్‌స్పెక్టరమ్మ ఎదుట, అరిగిన చోటుకి పక్కనే నంబరంతా మళ్లీ కొట్టాను. నంబరుకి ముందూ వెనకా ఆఫీసు గుర్తు పడింది. చివరి అంకె, ఆ మూడు, కొట్టేటప్పుడు సుత్తి తేలిగ్గానే ఆడింది. ఉగాదికి ఇంకా పది రోజులుండగా కాగితం వచ్చింది. చలపతిబాబు కారును తనే నడుపుకుంటూ గజపతినగరం వెళ్లాడు. గోవిందు గొడౌనులో మిరపకాయ బస్తాలు వేసుకున్నాడు.

కరోనాలో షెడ్డు మూసేశాను. అప్పటిదాకా వచ్చిన ప్రతి బండికీ ముందు ప్రింటు తీసి నోటు పుస్తకంలో అంటించాకే ఒంటి మీద చెయ్యి వేశాను. మూడు కొట్టకుండా ఆగినందుకు నన్ను నిజాయితీపరుడన్నవాళ్లున్నారు. నా గుర్తు తప్పు కావచ్చని ఒప్పుకోలేక ఆగాను, అంతే. చలపతిబాబు ఆ జిరాక్సు తీయకపోతే ఎనిమిది కొట్టేసి, మంచి బండిని నా చేత్తోనే దొంగ బండిని చేసేవాణ్ణి. ఆఫీసులో నేను చెప్పింది కూడా తప్పే. కంటితోనా వేలితోనా అని ఆవిడ అడిగి రాసింది కాబట్టి ఆ తప్పు కారు మీద పడలేదు. చూసింది వేరు, తడిమి అనుకున్నది వేరు. ఎవరైనా అడిగినప్పుడు ఆ రెండూ కలిపేయకుండా చెప్పాలని అరవై దాటాక నేర్చుకున్నాను.