గోనెపట్టా కప్పిన రేడియో

సుబేదార్ యాకూబ్‌ది హాలియా. సైన్యంలో ఇరవై ఏడేళ్ల నౌకరీ. కొత్తగా కొనబోయే సామాను సిపాయిల చేతుల్లో, అసలైన ఎండావానల్లో ఎట్లా పనిచేస్తుందో దగ్గరుండి చూసి రాయడం చివరి నాలుగేళ్లుగా అతని పని. కొనాలా వద్దా అన్నది పెద్ద అధికారులు తేలుస్తారు. కానీ వాళ్లు ముందుగా చదివేది అతను రాసిన పుస్తకమే.

2022 మే నెలలో ఒక రేడియో సెట్టు పరీక్షకు వచ్చింది. దేవరకొండ అవతల గోవిందమ్మ చెలకలో, బండ మీద పెట్టారు. పది నుంచి నాలుగు దాకా అది ఎండలోనే ఉండాలి. గంటకోసారి దాంతో గుట్ట అవతలి జట్టును పిలవాలి. ఇక్కడ కాపలా భువనగిరి సిపాయి నవీన్‌కుమార్‌ది. యాకూబ్ పదికీ నాలుగుకీ వచ్చి చూసి, మధ్యలో అవతలి జట్టు దగ్గర ఉండేవాడు. పంతొమ్మిది రోజులు 'లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాడు. ఇరవయ్యో రోజుతో పరీక్ష ముగుస్తుంది.

ఆ రోజు అవతల ఒకతనికి వడదెబ్బ తగిలింది. యాకూబ్ అతన్ని దవాఖానలో దింపి, ఒంటిగంటకే ఇటు వచ్చాడు. బండ మీద సెట్టు కనబడలేదు. తడి గోనెపట్టా ఉంది. గోవిందమ్మ దాని మీద చెంబుతో నీళ్లు చల్లుతోంది.

యాకూబ్ పట్టా ఎత్తి సెట్టు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు.

"మొదటి దినం నుంచే బిడ్డా. ఎర్ర లైటు కొట్టుకుంటుండె. మా బోరు స్టార్టరుకు ఎండకాలమంత గిట్లనే కప్తం. నాలుగు గొట్టకముందే తీస్త."

నవీన్‌కుమార్ నిటారుగా నిలబడ్డాడు. "నీడకు జరపొద్దన్నరు సాబ్. జరపలే."

యాకూబ్ తిట్టబోయి ఆగాడు. హాలియాలో తన బాపు కూడా స్టార్టరు డబ్బాకు అట్లాగే కప్పేవాడు.

"ఇంక కప్పకు అవ్వా. కాలిపోతే కాలిపోనీ."

"సర్కారు సొమ్ము గద బిడ్డా."

"అందుకే."

నలభై నిమిషాలకు ఎర్ర లైటు వెలిగింది. ఇంకో పదినిమిషాలకు అదీ ఆరిపోయింది. నవీన్‌కుమార్ మూడుసార్లు పిలిచాడు. గుట్ట అవతలి నుంచి ఒక్క మాట రాలేదు.

యాకూబ్‌కు పాత సంగతి గుర్తొచ్చింది. రాజస్థాన్‌లో ఒకసారి ఇట్లాగే సెట్టు మూగబోతే, వెనక్కి రమ్మన్న కబురు అందక ఒక జట్టు రెండు రోజులు నీళ్లు లేకుండా ఇసుకలో ఉండిపోయింది. ఆ జట్టులో తనూ ఉన్నాడు. ఈ సెట్టు తన సంతకాలతో అక్కడికే పోయేది.

పింఛనుకు ఏడు నెలలుంది. ఇన్ని రోజుల్లో మధ్యాహ్నం ఒక్కసారి కూడా వచ్చి చూడలేదన్న మాట ఇప్పుడు కాగితం మీదికి ఎక్కుతుంది. తన పై అధికారి మేజర్ దీప్తికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె, తప్పు ఎవరి పేరు మీద రాయాలని అడిగింది.

గోవిందమ్మ ఖాళీ చెంబు పట్టుకుని అతని మొహమే చూస్తోంది.

"నా పేరు మీదనే రాయండి మేడం."

పుస్తకం తెరిచి పంతొమ్మిది పేజీలూ అడ్డంగా కొట్టేశాడు. కొట్టేసిన ప్రతి పేజీ కింద మళ్లీ సంతకం పెట్టాడు.